గుండు రూపు మారింది... యుద్ధం రూపూ మారింది!

చిటికెనవేలి కొన పట్టేంత గుంట. సీసపు గుండు అడుగున దాన్ని తొలిచినందుకు తుపాకీ గురి 3 రెట్లు పెరిగింది. సైన్యాలు తలకిందులయ్యాయి. మన 1857 తిరుగుబాటుకీ, అమెరికా ఆసుపత్రుల్లో తెగిపడిన వేల కాళ్లూచేతులకీ, చివరికి తిరునాళ్లలో బెలూన్లు పేల్చే గాలి తుపాకీకీ ఆ గుంటతో చుట్టరికం ఉంది!

పొడవు చిటికెనవేలి పైకణుపంత. బరువు ముప్పై గ్రాముల పైచిలుకు. ముందువైపు కొనదేరి, వెనకవైపు బోలుగా ఉండే సీసపు ముద్ద. చూడ్డానికి అంతే! కానీ 1850లలో ఆ ముద్ద చేసిన పని అంతా ఇంతా కాదు. క్రిమియాలో రష్యా సైన్యాన్ని చెల్లాచెదురు చేసింది. అమెరికా అంతర్యుద్ధంలో వేలమందిని అవిటివాళ్లని చేసింది. మనదేశంలోనైతే దాన్ని చుట్టిన కాగితానికి రాసిన కొవ్వే పెద్ద తిరుగుబాటుకి నిప్పురవ్వ అయింది. ఇంతకీ ఏముంది ఆ ముద్దలో?

గుండు అంటే గుండ్రమే!

'తుపాకీ గుండు' అని ఎందుకంటాం? ఒకప్పుడు అది నిజంగానే గుండ్రంగా, గోళీకాయలా ఉండేది కాబట్టి. ఇప్పటి బుల్లెట్ ఏ కోశానా గుండ్రంగా ఉండదు. అయినా 'గుండు దిగింది' అనే అంటాం. ఇంగ్లిషువాళ్లదీ అదే అలవాటు. కొనదేరిన కొత్తరకం గుండు వచ్చాక కూడా సైనికులు దాన్ని 'మినీ బాల్' అనే పిలిచారు.

ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీని చూసినవాళ్లకి పాత పద్ధతి తెలిసే ఉంటుంది. గొట్టం మూతిలోంచి మందు పోయాలి, పైనుంచి గుండు వెయ్యాలి, పొడవాటి కడ్డీతో దట్టించాలి, ఆ తర్వాతే పేల్చాలి. బ్రిటిష్ సైన్యం వందేళ్లకు పైగా వాడిన 'బ్రౌన్ బెస్' మస్కెట్ కూడా ఆ బాపతే. దాని గొట్టం లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు. అందులో వేసే గుండు పదిహేడున్నర మిల్లీమీటర్లు. అంటే గుండుకీ గొట్టానికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ! అది తయారీలో లోపం కాదు, కావాలని వదిలిందే. మందు కాలినకొద్దీ గొట్టం లోపల మసి పేరుకుంటుంది. గుండు వదులుగా ఉంటేనే ఆ మసిలోంచి జారి కిందికి దిగుతుంది. తర్ఫీదు పొందిన సైనికుడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలిగేవాడు.

కానీ ఆ వదులే గురికి శాపం. గుండు గొట్టం గోడలకి అటూ ఇటూ కొట్టుకుంటూ బయటికొస్తుంది. చివరిసారి ఏ గోడకి తగిలితే దాన్నిబట్టి దాని దారి. 80 గజాల దూరంలో మనిషిని కొట్టొచ్చేమోగానీ 200 గజాల్లో ఉన్నవాడి మీద పేల్చడమూ చందమామ మీద పేల్చడమూ ఒకటేనని 1814లో జార్జ్ హ్యాంగర్ అనే బ్రిటిష్ సైనికాధికారి వెక్కిరించాడు. అందుకే అప్పటి సైనికులు భుజం భుజం కలిపి వరసగా నిలబడి అందరూ ఒకేసారి పేల్చేవాళ్లు. ఎవరి గుండు ఎవరికి తగులుతుందో దేవుడికే ఎరుక!

దీనికి విరుగుడు ఎప్పుడో దొరికింది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు చెక్కితే గుండు బొంగరంలా తిరుగుతూ వెళుతుంది. తిరుగుతున్నంతసేపూ బొంగరం పడిపోదు, గుండూ దారి తప్పదు. అదే రైఫిల్. కాకపోతే, గుండు ఆ గాడులని పట్టుకోవాలంటే గొట్టంలో బిగుతుగా ఉండాలి. నూనె గుడ్డో తోలుముక్కో చుట్టి, బలంగా కిందికి నెట్టాలి. కొన్నిసార్లు సుత్తితో కొట్టాల్సి వచ్చేది. శత్రువు మీదికి దూసుకొస్తుంటే నిమిషానికి ఒక్క గుండు పేల్చేవాడు ఏం నిలబడతాడు? అందుకే వేటగాళ్లకీ కొన్ని ప్రత్యేక దళాలకీ తప్ప రైఫిల్ సాధారణ సైనికుడి చేతికి రాలేదు.

వదులైతే గురి కుదరదు. బిగుతైతే గుండు దిగదు. ఈ చిక్కుముడి విప్పడానికి యూరప్ దాదాపు పాతికేళ్లు తలపట్టుకుంది.

ఊదుగొట్టం నేర్పిన పాఠం

ఆ ముడి మొదట విప్పిన మనిషికి దారి చూపింది మన దక్షిణ భారతదేశమేనని ఓ కథ ప్రచారంలో ఉంది. బ్రిటిష్ 34వ రెజిమెంటుకి చెందిన కెప్టెన్ జాన్ నార్టన్ ఇక్కడ పనిచేసేటప్పుడు స్థానికులు ఊదుగొట్టంతో బాణాలు వదలడం చూశాడట. ఆ బాణం వెనక మెత్తటి తామరతూడు బెండు ఉండేది. ఊదగానే బెండు ఉబ్బి గొట్టాన్ని మూసేసేది. గాలి పక్కనుంచి పోకుండా మొత్తం బాణాన్నే నెట్టేది. 'ఇదేదో బాగుందే' అనుకున్న నార్టన్ అడుగున గుంట ఉన్న పొడవాటి గుండుని తయారుచేశాడు. లోపలికి వేసేటప్పుడు వదులుగా జారిపోతుంది. మందు పేలగానే ఆ ఒత్తిడికి గుంట అంచులు విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటాయి. అంటే వెళ్లేటప్పుడు వదులు, వచ్చేటప్పుడు బిగువు!

అద్భుతమైన ఆలోచనే. కానీ సైనిక పెద్దలు పట్టించుకోలేదు. గుండన్నాక గుండ్రంగానే ఉండాలన్నది వాళ్ల పట్టుదల. 1835లో విలియం గ్రీనర్ అనే తుపాకుల తయారీదారు గుండు వెనక చిన్న లోహపు బిరడా పెట్టి చూపించాడు. పేలగానే బిరడా లోపలికి దూసుకెళ్లి గుండుని ఉబ్బిస్తుంది. పరీక్షలో బాగానే పనిచేసింది. కానీ రెండు ముక్కల గుండు సైన్యానికి కుదరదని దాన్నీ తోసిపుచ్చారు.

ఈలోగా ఫ్రెంచివాళ్లు మరో దారిలో వెళ్లారు. 1826లో హెన్రీ గుస్తావ్ దెల్విన్ మందుగదిని గొట్టంకన్నా సన్నగా చేశాడు. గుండు దాని అంచు మీద ఆగుతుంది. కడ్డీతో రెండు మూడు దెబ్బలేస్తే చపట అయి గాడుల్లోకి వ్యాపిస్తుంది. 1844లో తూవనాఁ అనే కల్నల్ గొట్టం అడుగున ఓ ఇనుప మేకుని నిలబెట్టాడు. దాని మీద గుండుని పెట్టి దంచాలి. రెండూ పనిచేశాయి. కానీ గుండుకి దెబ్బలు తగిలేకొద్దీ ఆకారం చెడేది. మేకు చుట్టూ మసి తుడవలేక సైనికుల ప్రాణం విసిగేది.

చివరికి 1849 నాటికి కెప్టెన్ క్లోద్ ఎతియెన్ మినియే గుండు సిద్ధమైంది. కొనదేరిన పొడవాటి సీసపు గుండు, అడుగున గుంట, గుంటలో చిన్న ఇనుప గిన్నె. దంచాల్సిన పనిలేదు, సుత్తీ అక్కర్లేదు. గొట్టంలో వేస్తే చాలు, మిగిలింది మందే చూసుకుంటుంది! 1851లో బ్రిటన్ ఆ పద్ధతిని తీసుకుని మినియేకి 20 వేల పౌండ్లు ముట్టజెప్పింది. 'నేను ముందే చెప్పాను కదా' అని ఏళ్ల తరబడి పోరాడిన సొంత దేశస్థుడు గ్రీనర్‌కి 1857లో దక్కింది వెయ్యి పౌండ్లే. ఇంటి మనిషి మాట ఎవరు వింటారు!

మినియే గుండులోనూ లోపం లేకపోలేదు. ఒక్కోసారి ఇనుప గిన్నె గుండుని చీల్చుకుని ముందుకెళ్లిపోయేది. సీసం ఉంగరంలా గొట్టంలోనే ఇరుక్కునేది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారానికి చెందిన జేమ్స్ బర్టన్ దీనికి చిట్కా కనిపెట్టాడు. గుంటని లోతుగా, అంచుల్ని పల్చగా చేస్తే అసలు గిన్నెతో పనేలేదు. మందు వాయువులే అంచుల్ని విచ్చేస్తాయి. చుట్టూ మూడు గీతలు పెట్టి వాటిలో కొవ్వు నింపాడు. ఇక పోత పోయడం తేలిక, ఖర్చు తక్కువ. 1855లో అమెరికా సైన్యం దాన్ని స్వీకరించింది. అప్పటి యుద్ధశాఖ మంత్రి జెఫర్సన్ డేవిస్. ఆరేళ్ల తర్వాత అదే అమెరికా మీద తిరగబడ్డ దక్షిణాది రాష్ట్రాలకి అధ్యక్షుడైందీ ఆయనే. బర్టన్ కూడా ఆయన వైపే చేరాడు!

మొదటి దెబ్బ రష్యాకి

కొత్త గుండు సత్తా ప్రపంచానికి తెలిసింది 1854లో, క్రిమియా యుద్ధంలో. ఆల్మా నది దగ్గరా, ఇంకెర్మన్‌లోనూ బ్రిటిష్ సైనికుల్లో ఎక్కువమంది చేతుల్లో మినియే రైఫిళ్లున్నాయి. రష్యా సైనికుల్లో ఎక్కువమందివి నున్నటి గొట్టాల పాత మస్కెట్లు. దళసరి గుంపులుగా నడిచొచ్చి, దగ్గరికి చేరాక బాయొనెట్‌తో పొడవడం రష్యన్ల యుద్ధ విద్య. ఆ దగ్గరికి చేరేలోపే వాళ్లు నేలకొరిగారు. తమ గుండు చేరలేని దూరం నుంచి ఎదుటివాడి గుండు వచ్చి తగులుతుంటే ఎంత ధైర్యవంతుడైనా ఏం చేస్తాడు? యుద్ధం ముగిసిన 1856లోనే రష్యా కూడా అలాంటి రైఫిల్‌నే తయారుచేసుకుంది.

ఆ కొవ్వు ఎందుకొచ్చింది?

బ్రిటన్ అంతటితో ఆగలేదు. తేలికైన, సన్నని గొట్టం ఉన్న 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని తెచ్చింది. దాని గొట్టం వెడల్పు 0.577 అంగుళం. ప్రిచెట్ రూపొందించిన గుండు 0.568 అంగుళం. బ్రౌన్ బెస్‌లో ఒకటిన్నర మిల్లీమీటరున్న ఖాళీ ఇక్కడ పావు మిల్లీమీటరు కూడా లేదు! ఆ ఇరుకులో మసి పేరుకుంటే గుండు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే గుండుని కాగితంలో చుట్టి, ఆ కాగితానికి బయట జిడ్డు రాశారు. గుండూ మందూ కలిపి చుట్టిన ఆ కాగితపు పొట్లమే తూటా. మందు ఉన్న కొసని పంటితో చించి, మందుని గొట్టంలో పోసి, జిడ్డు ఉన్న కొసని తిప్పి లోపలికి దట్టించాలి.

మన చరిత్ర పాఠాల్లో చదువుకున్న 'కొవ్వు తూటాల' మూలం ఇదే. పాత బ్రౌన్ బెస్ తూటాని కూడా సిపాయిలు పంటితోనే చించేవాళ్లు. అప్పుడెవరికీ అభ్యంతరం లేదు. వదులు గుండుకి జిడ్డు అవసరమే లేదు కాబట్టి! బిగుతు గుండుతోపాటే జిడ్డు వచ్చింది. జిడ్డులో తేనెమైనంతోపాటు జంతువుల కొవ్వు కలిపారు. ఏ జంతువుదని అధికారులెవరూ ఆరా తీయలేదు. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మొదలైన గుసగుస దావానలంలా పాకింది... ఆవు కొవ్వనీ, పంది కొవ్వనీ! అంటే హిందువుకీ ముస్లిముకీ ఒకేసారి మతం పోతుంది.

ప్రభుత్వం దిగొచ్చింది. జిడ్డుని సిపాయిలే తెచ్చుకోవచ్చంది. పంటితో కాకుండా చేత్తో చించుకోవచ్చంది. కానీ అప్పటికే నమ్మకం చెడింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది సిపాయిలు తూటాలు ముట్టుకోం అన్నారు. నిజానికి ఆ రోజు వాళ్లకిచ్చినవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కానేకావు, పాతవే! అయినా ఎవరూ నమ్మే స్థితిలో లేరు. మే 9న వాళ్లకి సంకెళ్లు వేశారు. మర్నాడే మీరట్ భగ్గుమంది.

కొవ్వొక్కటే కారణమని ఏ చరిత్రకారుడూ అనడు. అవధ్ రాజ్యాన్ని కలిపేసుకోవడం, సముద్రం దాటి పనిచేయాలన్న కొత్త షరతు, భత్యాల కోత... గుండెల్లో మందు చాలానే కూరి ఉంది. తూటా దానికి నిప్పంటించింది. ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన ఒకటుంది. అప్పటి ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలని 'తిలంగాలు' అనేవాళ్లు. అంతకు వందేళ్ల ముందు క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లుండేవాళ్లు. ఆ పేరే తర్వాత కంపెనీ సిపాయిలందరికీ స్థిరపడిపోయింది.

ఆ తిరుగుబాటులో సిపాయిల్లో చాలామంది పాత బ్రౌన్ బెస్‌లతోనే పోరాడారు. ఎన్‌ఫీల్డ్‌లు తెల్ల సైనికుల చేతుల్లో ఉన్నాయి. 1857 జులైలో ఫతేపూర్ దగ్గర హేవ్‌లాక్ సేన గెలవడంలో ఆ రైఫిళ్లది పెద్ద పాత్ర.

అణచివేత పూర్తయ్యాక బ్రిటిష్‌వాళ్లు రెండు పనులు చేశారు. మొదటిది, గుండుని 0.55 అంగుళానికి తగ్గించి, కొవ్వు మానేసి తేనెమైనం వాడటం. ఎండలకి జిడ్డు కారిపోయి తెల్ల సైనికుల తుపాకుల్లోనూ గుండు ఇరుక్కుంటోందని అప్పటికి వాళ్లకి అనుభవమైంది. రెండోది, భారతీయ సిపాయిల కోసం ప్రత్యేకంగా తుపాకులు తయారుచేయించడం. పైకి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల మాత్రం గాడులుండవు! కొనదేరిన గుండు వాళ్లకొద్దు, పాత గుండ్రటి గుండే చాలని అర్థం. సిపాయికి ఎప్పుడూ ఒక తరం వెనకటి ఆయుధమే ఇవ్వాలన్న విధానం ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది.

ఎముక నుగ్గు... కాలు ఖాళీ!

మినియే తరహా గుండు అసలు బీభత్సం చూసింది అమెరికా. 1861-65 అంతర్యుద్ధంలో ఉత్తరాదివాళ్ల స్ప్రింగ్‌ఫీల్డ్, దక్షిణాదివాళ్లు తెప్పించుకున్న ఎన్‌ఫీల్డ్... రెండూ ఈ గుండునే వాడాయి. 6 లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నవి జబ్బులు. కానీ రణరంగంలో గాయాల సంగతికొస్తే బుల్లెట్‌దే రాజ్యం. ఉత్తరాది సైనిక వైద్యులు నమోదు చేసిన సుమారు రెండున్నర లక్షల గాయాల్లో కత్తిపోట్లూ బాయొనెట్ పోట్లూ కలిపి వెయ్యిలోపే!

మెత్తటి సీసం ఎముకకి తగలగానే చపటై, ఎముకని అడ్డంగా పొడవుగా పేలికలు చేసేది. పోతూ పోతూ చొక్కా గుడ్డనీ మట్టినీ గాయంలోకి లాక్కెళ్లేది. అతుక్కునే ఎముక అంటూ మిగలదు. సూక్ష్మక్రిముల సంగతి అప్పటి డాక్టర్లకి తెలీదు. లిస్టర్ క్రిమినాశక శస్త్రచికిత్స గురించి ప్రకటించింది 1867లో, అంటే యుద్ధం అయిపోయాక. కాలో చెయ్యో కుళ్లి ప్రాణం పోకముందే దాన్ని తీసేయడం ఒక్కటే అప్పటికున్న మార్గం. ఒక్క ఉత్తరాది సైన్యంలోనే దాదాపు 30 వేలు తీసేశారు. అలా చేసినవాళ్లలోనూ ఇంచుమించు నాలుగో వంతు బతకలేదు. సినిమాల్లో చూపించినట్లు పళ్లమధ్య బుల్లెట్ కరిపించి కోయడం మాత్రం నిజం కాదు. అత్యధిక శస్త్రచికిత్సల్లో క్లోరోఫామో ఈథరో ఇచ్చారు.

ఈ గుండు నిజంగానే 500 గజాల నుంచి మనుషుల్ని కూల్చిందా? ఒకప్పుడు అలాగే రాసేవాళ్లు. ఇటీవలి చరిత్రకారులు కొందరు ఒప్పుకోవడంలేదు. గుండు నిదానంగా, విల్లులా వంగిన దారిలో వెళుతుంది. దూరాన్ని సరిగ్గా అంచనా కట్టకపోతే తలమీదుగా పోతుంది. చాలామంది సైనికులకి గురిలో తర్ఫీదే లేదు. అందుకే చాలా పోరాటాలు వంద, నూటయాభై గజాల్లోనే జరిగాయంటారు. కంగారు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో ఏరిన వేల తుపాకుల్లో అత్యధికం దట్టించి వదిలేసినవే. దాదాపు 12 వేల తుపాకుల్లో రెండేసి తూటాలున్నాయి. ఒకదానిలోనైతే ఏకంగా 23! పేలిందో లేదో కూడా చూసుకోకుండా దట్టిస్తూనే పోయాడన్నమాట ఆ సైనికుడు.

ఒకే చిక్కు... ఎన్నో చిట్కాలు

* ఆరు పలకల గుండు: బ్రిటిష్ ఇంజినీర్ జోసెఫ్ విట్‌వర్త్ గొట్టాన్నే ఆరు పలకలుగా మెలితిప్పి, దానికి సరిపోయేలా గుండుకీ ఆరు పలకలు పెట్టాడు. 1857 పరీక్షల్లో 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుండ్లు రెండడుగులకు పైగా పక్కకి పోతే, ఇవి నాలుగైదు అంగుళాలే తప్పాయి. కానీ ధర దాదాపు నాలుగు రెట్లు! 1860లో వింబుల్డన్ పోటీలని ప్రారంభిస్తూ విక్టోరియా రాణి 400 గజాల లక్ష్యాన్ని పేల్చింది స్టాండుకి బిగించిన ఈ రైఫిల్‌తోనే. గుండు నడిమధ్యకి అంగుళంన్నర లోపే తగిలింది. 1864లో, ఇంత దూరం నుంచి వాళ్లు ఏనుగుని కూడా కొట్టలేరని తన సైనికులకి ధైర్యం చెబుతూ ఆ కాసేపట్లోనే నేలకొరిగిన అమెరికా జనరల్ సెడ్జ్‌విక్‌కి తగిలిందీ విట్‌వర్త్ గుండేనంటారు.

* హార్మోనియం గుండు: ఆస్ట్రియాకి చెందిన లోరెంజ్ గుండులో గుంటే లేదు. నడుముకి లోతైన గాట్లు పెట్టాడు. పేలగానే హార్మోనియం తిత్తిలా నొక్కుకుపోయి, పొట్టిగా లావుగా మారి గాడుల్ని పట్టుకుంటుంది.

* ఊడ్చే గుండు: అమెరికాలో విలియమ్స్ తయారుచేసిన గుండు వెనక జింకు బిళ్ల ఉండేది. పేలగానే అది చపటై, గొట్టంలోని మసిని గీక్కుంటూ బయటికొచ్చేది. మామూలు తూటాలతోపాటు దీన్నీ ఇచ్చేవాళ్లు.

* చెక్క బిరడా: ఎన్‌ఫీల్డ్ గుండు అడుగున గట్టి చెక్కతో చేసిన బిరడా పెట్టారు. తర్వాతి కాలంలో కాల్చిన బంకమట్టి బిరడాలూ వచ్చాయి.

గుంట మిగిలింది!

ఈ గుండు ఏలుబడి నిండా ఇరవయ్యేళ్లు సాగలేదు. 1866లో ప్రష్యా సైనికులు వెనకనుంచి తూటా పెట్టే తుపాకులతో ఆస్ట్రియాని ఓడించారు. గొట్టం మూతిలోంచి దట్టించే అవసరం పోతే, వదులు-బిగువు గొడవే లేదు కదా! బ్రిటన్ అదే ఏడాది ఎన్‌ఫీల్డ్‌ల వెనక చిన్న తలుపులాంటిది బిగించి 'స్నైడర్' రైఫిళ్లుగా మార్చేసింది.

అయితే, మెత్తటి సీసం మనిషి ఒంట్లో చేసే విధ్వంసాన్ని లోకం మర్చిపోలేదు. 1859లో సాల్ఫెరినో యుద్ధభూమిలో క్షతగాత్రుల్ని చూసి చలించిన హెన్రీ డ్యూనాంట్ చొరవతోనే రెడ్‌క్రాస్, 1864 నాటి జెనీవా ఒప్పందం పుట్టాయి. ఆ యుద్ధంలో ఫ్రెంచివాళ్లూ ఆస్ట్రియన్లూ వాడినవి ఈ కొత్తరకం గుండ్లే. తర్వాత సన్నని, గట్టి తొడుగున్న బుల్లెట్లు వచ్చాయి. 1890లలో బ్రిటిష్‌వాళ్లు ఆ తొడుగు కొనని తీసేసి, ఒంట్లో దిగాక విచ్చుకునే బుల్లెట్లని తయారుచేశారు. ఎక్కడో తెలుసా? కొవ్వు తూటాల గుసగుస మొదలైన ఆ డమ్‌డమ్‌లోనే! 'డమ్‌డమ్ బుల్లెట్' అన్న పేరు అలా వచ్చింది. అలాంటివి యుద్ధాల్లో వాడకూడదని 1899లో హేగ్‌లో దేశాలు ప్రకటన చేశాయి.

మరి ఆ గుంట ఏమైంది? ఎక్కడికీ పోలేదు. జాతరల్లో బెలూన్లు పేల్చే గాలి తుపాకీలో వేసే చిన్న సీసం గింజని ఈసారి వెనక్కి తిప్పి చూడండి. నడుము సన్నగా, వెనక బోలుగా ఉంటుంది. మీట నొక్కగానే గాలి ఒత్తిడికి ఆ పల్చటి అంచు విచ్చుకుని గొట్టాన్ని మూసేస్తుంది. తామరతూడు బెండు చేసిన పనే, మినియే గుండు చేసిన పనే. కాకపోతే ఇప్పుడు పేలేది రంగు బెలూను!